సర్కారువారి కేసుకట్ట

ప్రభుత్వ ప్లీడరు అంటే సివిలు కోర్టుల్లో సర్కారు తరఫున వాదించే వకీలు. కోర్టు ఆవరణలో అందరికీ జీపీ గారు. ఆయన ప్రభుత్వోద్యోగి కారు. 2000 డిసెంబరు 6 నాటి జీవో 187 నిబంధనల కింద గడువు పెట్టి నియమించే ప్రైవేటు న్యాయవాది. గడువు కాగితం మీద ఉంటుంది గాని, ప్రభుత్వం మారిన రోజున ఆ కాగితం చూసేవారుండరు. పొద్దున తణుకు రైసుమిల్లు వాటాల తగాదా చూసిన నల్లకోటే మధ్యాహ్నం లంకభూమి దావాలో రాష్ట్ర ప్రభుత్వమై లేచి నిలబడుతుంది. కాబట్టి ప్రభుత్వ రికార్డుల్లో బాగా పదునైన భాగం ప్రభుత్వ కార్యాలయంలో దొరకదు. జీపీ గారి ఇంటి ముందుగదిలో, ప్రైవేటు కక్షిదారుల కట్టల పక్కనే, అదే బీరువాలో ఉంటుంది.

కట్ట విప్పితే పైన దావా నకలు. దాని కింద తహసీల్దారు కార్యాలయం పంపిన పేరావారీ రిమార్కులు. ఇదొక ప్రత్యేక సాహిత్య ప్రక్రియ. ఒకటో పేరా వాస్తవం కాదు, రెండో పేరా రికార్డుకు సంబంధించిన విషయం, మూడో పేరాను వాది రుజువు చేసుకోవలసి ఉన్నది. నాలుగో పేరాలో వాది తన తండ్రి పేరు చెప్పుకొని ఉంటే అదీ రుజువు చేసుకోవలసిందే. ఆ తర్వాత అడంగల్ నకలు, పెన్సిలు గీతలు పడిన జవాబుదావా చిత్తు, వాయిదాల చీటీలు, జీపీ గారి అభిప్రాయం. అన్నిటికీ అడుగున ఒక అరఠావు ఉంటుంది. భూమి మనదే గాని మనదని చెప్పే కాగితం కనబడుట లేదు, వెదుకుచున్నాము అన్నది దాని సారాంశం. గోప్యంగా ఉంచాల్సినదేదైనా ఉంటే నిజానికి అదొక్కటే.

ఈ కట్టకు చట్టం గోప్యత కల్పించింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్ చెప్పేది ఒకటే: కక్షిదారు వృత్తిరీత్యా చెప్పిన మాటను, తాను అతనికిచ్చిన సలహాను వకీలు అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదు. వకీలు గారి గుమస్తాకూ ఈ నియమం వర్తిస్తుందని చట్టం ప్రత్యేకంగా రాసింది. కట్ట మాత్రం ఆ గుమస్తా స్కూటరుకు వేలాడే సంచిలో, టిఫిన్ క్యారియర్ మీద, వానకు తడవకుండా ఎరువుల సంచి చుట్టుకొని కోర్టుకు బయల్దేరి, దారిలో జిరాక్సు షాపు దగ్గర ఆగుతుంది. గుమస్తాను గుర్తుపెట్టుకున్న చట్టం జిరాక్సు కుర్రాణ్ణి మరిచిపోయింది. పేజీ తిప్పిన ప్రతిసారీ సర్కారు రహస్యమంతా అతని కళ్లముందు పచ్చగా వెలిగి ఆరిపోతుంది.

నియమంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పందెం సాగుతుండగా తన కోడికి ఎక్కడ దెబ్బ తగిలిందో ఎదుటివాడికి చెప్పమని భీమవరం బరిలో కూడా ఎవరూ అడగరు. చిక్కంతా ఈ గోప్యత ఎవరి సొత్తు అన్న దగ్గర. అది వకీలుది కాదు, కక్షిదారుది; కక్షిదారు వద్దనుకుంటే వదిలేసుకోవచ్చు. మరి జీపీ గారి కక్షిదారు ఎవరు? తహసీల్దారును అడిగితే కలెక్టరు గారంటారు. కలెక్టరు కార్యాలయం శాఖ అంటుంది. శాఖ న్యాయశాఖ వైపు చూస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 79వ సెక్షన్ ప్రకారం దావా పత్రంలో ఉండాల్సిన పేరు రాష్ట్రానిది. రాష్ట్రం సంతకం పెట్టదు. వదులుకునేవారు లేని హక్కు గనక అది ఏ తరుగూ లేకుండా కొనసాగుతోంది.

2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ బీరువా తలుపు కొంత తెరిచింది. సమాచారం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అభిప్రాయాలు, సలహాలు కూడా చేర్చింది. కాగితం కార్యాలయంలోనే ఉండనక్కర్లేదు, ప్రభుత్వ సంస్థ అదుపులో ఉంటే చాలంది. అంటే జీపీ గారి బీరువాలో ఉన్నా కలెక్టరు గారి కాగితమే. అదే చట్టం 8(1)(ఇ)లో, విశ్వాస సంబంధం వల్ల ఒకరి దగ్గరున్న సమాచారాన్ని ఇవ్వనక్కర్లేదనీ చెప్పింది. ఇస్తే విస్తృత ప్రజాప్రయోజనం ఉందని అధికారి అనుకుంటే మాత్రం ఇవ్వాలి. ఇలా అనుకోవడం అధికారుల జీవితంలో తరచుగా జరిగే సంఘటన కాదు.

విశ్వాస సంబంధమంటే ఏమిటో సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో వివరించింది. ఉదాహరణల్లో వకీలు, కక్షిదారుల సంబంధాన్నీ చేర్చింది. కార్యాలయాల్లో తీర్పును ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. విశ్వాసంతో కాగితం దాచినవాడు, ఎవరి మేలు కోసం దాచాడో ఆ మనిషికే ఇవ్వననడం కుదరదని కూడా ఆ తీర్పులోనే ఉంది. జీపీ గారు ఎవరి మేలు కోసం దాచారన్న ప్రశ్న మళ్లీ రాష్ట్రం దగ్గరకే పోతుంది గనక చదవకపోవడంలోనే సౌకర్యముంది.

దేశంలోకెల్లా పెద్ద ప్రభుత్వ వకీలు విషయంలో ఈ పేచీ ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అటార్నీ జనరల్ కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని 2015 మార్చి 10న ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. రాదని 2017 ఫిబ్రవరి 3న ద్విసభ్య ధర్మాసనం తేల్చింది. దానికి నేతృత్వం వహించినవారు తెలుగు న్యాయమూర్తి జి. రోహిణి. సలహా చెప్పడమే అటార్నీ జనరల్ ప్రధాన విధి, ఆ సలహా విశ్వాస సంబంధంలోనిది అన్నది అక్కడ నిలిచిన వాదన. అటార్నీ జనరల్‌ను అడక్కూడదన్న తీర్పు, ఆయన సలహా అందుకున్న శాఖను కూడా అడక్కూడదన్న తీర్పు కాదు. జిల్లాల్లో ఈ రెండోది కూడా మొదటి దానిలో కలిపి వాడుతున్నారు.

దరఖాస్తు ప్రయాణం గోదావరి కాలువ నీటి ప్రయాణం లాంటిది. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తితే నీరొస్తుందన్నది నిజమే. శివారు భూమికి వస్తుందా అన్నది లాకుల మీద, తూముల మీద, పైనున్న ఆసాముల మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. రుసుము విషయంలో ఆంధ్రప్రదేశ్ ఉదారమే: గ్రామస్థాయిలో ఏమీ లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. గడువు 30 రోజులు. దరఖాస్తు తమది కాకపోతే సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లో పంపాలి. పంపుతారు కూడా. చట్టంలో అన్నిటికన్నా నమ్మకంగా అమలవుతున్న సెక్షన్ ఈ 6(3)యే.

అయినవిల్లి దగ్గర ఒక కొబ్బరిరైతును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆయన తోట రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాకెక్కింది. అమలాపురం కోర్టులో దావా వేసి గెలిచాడు. గెలిచాక కూడా జాబితాలోంచి పేరు తీయలేదు. అప్పీలు వేస్తామన్నారు, వేయలేదు. వేయడానికి ఈ కేసు తగునని జీపీ గారు రాశారా, తగదని రాశారా? రైతుకు కావలసింది ఈ ఒక్క కాగితం. తమ నిర్ణయానికి కారణమేమిటో దాని వల్ల ఇబ్బంది పడ్డవారికి చెప్పాలని సమాచార హక్కు చట్టం 4(1)(డి) అంటోంది గనక అడిగాడు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టక ముందైతే ఈ దరఖాస్తుకు ఇంకా గొప్ప యాత్రాఫలం దక్కేది. ఉమ్మడి తూర్పుగోదావరికి కలెక్టరేటు కాకినాడలో, జిల్లా కోర్టు రాజమహేంద్రవరంలో. కక్షిదారు ఒక ఊళ్లో, వకీలు అరవై కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో. ఫైలు ఎక్కడుందని కాకినాడలో అడిగితే రాజమండ్రి, రాజమండ్రిలో అడిగితే కాకినాడ. ఉన్నది రెంటి మధ్యలో సామర్లకోట ప్లాట్‌ఫాం మీదేమో అనిపించేది. ఇప్పుడు కోనసీమకు అమలాపురంలోనే కలెక్టరేటుంది. దూరం తగ్గింది. రైతు దరఖాస్తు మాత్రం ఆర్డీవో కార్యాలయానికీ, అక్కణ్నుంచి తహసీల్దారుకూ, తహసీల్దారు నుంచి "జీపీ గారిని సంప్రదించవలెను" అన్న ఎండార్స్‌మెంటుతో రైతుకూ చేరింది. కోర్టుకు వెళ్లి అడగమన్నారు మరొకరు. కోర్టు రికార్డుల నకళ్లు కావాలంటే కోర్టు నిబంధనల ప్రకారం కాపీ అప్లికేషను వేసుకోవాలి తప్ప సమాచార హక్కు చట్టం కింద కాదని గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న చెప్పింది కూడా. కాపీ అప్లికేషను వేస్తే, కోర్టులో దాఖలైన కాగితాలకే నకలిస్తారు. జీపీ గారి అభిప్రాయం కోర్టులో దాఖలు కాదు. చివరికి రైతుకు వచ్చిన జవాబు రెండు వరుసలు: సమాచారం విశ్వాస సంబంధంలోనిది, మీరు ఎదుటిపక్షం.

వకీళ్ల గుట్టుకు ఈ ప్రాంతంలో పాత ప్రత్యర్థులున్నారు. 1874లో 'వివేకవర్ధని' పెట్టిన కందుకూరి వీరేశలింగం కోర్టు అవినీతిని రాజమండ్రిలో ఉండే రాశారు. వకీళ్ల మోసాల మీద రాసిన 'వ్యవహార ధర్మబోధిని' జనం నోట 'ప్లీడరు నాటకం' అయింది. సమాచార హక్కు లేని రోజుల్లో సమాచారానికి లోటుండేది కాదనుకోవాలి.

క్రిమినలు వైపు, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు) గారి దగ్గర, సంగతి ఇంకా తమాషా. ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సున్నితమైన కేసులకు మినహాయింపు. దర్యాప్తంతా అయ్యాక వేసే చార్జిషీటు ప్రజా పత్రం కాదని, వెబ్‌సైటులో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో అదే కోర్టు చెప్పింది. నిందితుడికి ఉచితంగా నకలిస్తారు. కాబట్టి తన కేసు ముందుకెందుకు సాగలేదో తెలుసుకోగోరే మనిషికి కొన్నిసార్లు నిందితుడి పరిచయమే దగ్గరి దారి.

ఫీజుల సంగతి వేరు. వకీలుకు ఏం చెప్పారన్నది గోప్యం కావచ్చు, ఎంత ఇచ్చారన్నది ఖజానా లెక్క. 2020 ఆరంభంలో రాజధాని కేసుల కోసం ఢిల్లీ సీనియర్ న్యాయవాది ఒకరికి 5 కోట్ల రూపాయలు, అందులో కోటి ముందుగా ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. అది వెబ్‌సైటులో ఉండబట్టే మర్నాడు టీకొట్టు దగ్గర జిల్లా జీపీల పారితోషికంతో పోల్చి చూసుకోగలిగారు. 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు. దానికి ముందు నంబరుండి లోపల ఏమీ లేని ఖాళీ జీవోలు కొన్నాళ్లు నడిచాయి. పారదర్శకత అన్న మాటకు అంత అక్షరార్థం అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో వెబ్‌సైటు మళ్లీ తెరిచారు. 2025 నవంబరులో డిజిటల్ డేటా రక్షణ చట్టం పుణ్యమా అని సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) మినహాయింపు వ్యక్తిగత సమాచారమంతటికీ విస్తరించింది. ఫీజు బిల్లు మీద వకీలు గారి పేరుంటుంది, పేరు వ్యక్తిగతం అనే జవాబు ఎప్పుడొస్తుందో చూడాలి.

గోప్యతకు కాలపరిమితి ఉంది. 20 ఏళ్లు దాటిన విషయాల్లో మూడు మినహాయింపులు తప్ప మిగతావి పనిచేయవు. వకీలు విశ్వాస సంబంధం కూడా అప్పటికి తీరిపోతుంది. భూసేకరణ పరిహారం కేసుల వయసు చూస్తే 20 ఏళ్లు పెద్ద గడువేమీ కాదు. ఈలోగా జీపీలు నలుగురైదుగురు మారతారు. మారినప్పుడల్లా కట్టలు ఆటోలో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి వెళతాయి, ఎక్కించినన్ని దించకపోవచ్చు. మిగిలినవి ఆత్రేయపురం పూతరేకుల్లా పట్టుకుంటే చేతిలోనే విడిపోతాయి. కనబడుట లేదన్న జవాబు ఏ సెక్షన్‌లోనూ లేదు. ఫైలు పోతే విచారణ జరిపించాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. డెల్టా కార్యాలయాల్లో ఆ విచారణ 1986 ఆగస్టు వరద దగ్గర ఆగుతుంది. ఆ వరద తర్వాత పుట్టిన ఫైళ్లు కూడా అందులోనే కొట్టుకుపోతుంటాయి.

సర్కారు తన వకీలు కట్టను తానే విప్పి చూపించే సందర్భం ఒకటుంది. అప్పీలుకు గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. అది దాటితే ఆలస్యం మన్నించమని పిటిషను వేయాలి, ఆలస్యానికి రోజువారీ లెక్క చెప్పాలి. 2012లో తపాలా శాఖ 427 రోజుల ఆలస్యాన్ని సుప్రీంకోర్టు మన్నించలేదు. 2020లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజుల తర్వాత వస్తే 25,000 రూపాయలు ఖర్చులు కట్టించి, తప్పు చేసిన అధికారుల దగ్గర వసూలు చేయమంది. అప్పీలు కొట్టేశారన్న కాగితం చేతికొస్తే ఫైలు మూసేయొచ్చని వేసే ఇలాంటి కేసులకు సర్టిఫికెట్ కేసులని పేరు కూడా పెట్టింది. అందుకని ప్రమాణపత్రంలో ఏదీ దాచరు.

కొబ్బరిరైతు వకీలుకు ఒకనాడు అలాంటి పిటిషను నకలొక్కటి అందుతుంది. తీర్పు కాపీ ఏ తేదీన వచ్చింది, జీపీ గారు అప్పీలుకు తగదని ఏ తేదీన రాశారు, ఆ అభిప్రాయం ఏ సెక్షన్ గుమస్తా బల్ల మీద ఎన్ని నెలలుంది, ఎన్నికల విధుల్లో ఎవరున్నారు, మరో అభిప్రాయం ఎప్పుడడిగారు, అదెప్పుడొచ్చింది, అన్నీ వరుసగా, తహసీల్దారు ప్రమాణం చేసి సంతకం పెట్టి మరీ ఉంటాయి. ఎదుటిపక్షానికి ఇచ్చే నకలు గనక పేజీకి 2 రూపాయలు కూడా కట్టనక్కర్లేదు.