కొత్త వార్డుబాయ్‌కి పాతకాపు చిట్కాలు

తమ్ముడూ, సర్కారు మానసిక ఆసుపత్రిలో డ్యూటీ పడింది కదా, ముందు ఒక్క మాట చెవిన వేసుకో. ఇక్కడ పేషెంటు నోట ఏది వచ్చినా జబ్బే. అన్నంలో పురుగుందన్నాడా, భ్రమ అని రాయించు. పురుగు నీకూ కనబడితే కంచం పక్కకు జరుపు, రాసింది మాత్రం కొట్టేయకు. చెంప మీద ఒకటిచ్చావని డాక్టరు సార్‌కి చెప్పాడనుకో, కంగారుపడకు. ‘వీడికి అందరి మీదా అనుమానమే సార్’ అను. పంటి నొప్పితో ఏడ్చినా ఇదే మందు, దవడ వాచాక చూసుకోవచ్చు. నవ్వితే ముదిరింది, ఏడిస్తే ముదిరింది. నోరు మెదపకుండా మూల కూర్చున్నవాడే మంచి పేషెంటు.

పేర్లతో పనిలేదు, బెడ్డు నంబరు చాలు. ‘గారు’ని చుట్టాలొచ్చే వేళకు దాచుకో. వాళ్లు గేటు దాటాక ‘ఒరేయ్ పదిహేడూ’ అను.

పేలు ఎవడు చూస్తాడు, అందరికీ గుండు కొట్టించెయ్. తిరుపతిలో గుండంటే మొక్కు, వాళ్లే వెళ్లి చేయించుకుంటారు. మన దగ్గర అడగడాల్లేవు. బలవంతంగా గుండు చేయకూడదని, యూనిఫాం తొడగకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. ఉండనీ. ఆ పుస్తకం ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది, పేలు అక్కడిదాకా పోవు.

గొలుసులు 95వ సెక్షన్ ఒప్పుకోదు కనుక పాత దుప్పటి చింపుకో. అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం ఆపడానికి వేరే దారి లేకపోతేనే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలట. శిక్షగా వద్దు, సిబ్బంది చాలలేదన్న సాకుతోనూ వద్దు. రాత్రి అరవై మందికి నువ్వొక్కడివే. ఆ రెండో మనిషి పోస్టు ఎందుకు నింపరో అడగాలనిపిస్తుంది, కానీ అడగడం మన పనా? ఎవరైనా ఎర్వాడి పేరెత్తితే, అది సర్కారు ఆసుపత్రి కాదు, దర్గా దగ్గరి ప్రైవేటు షెడ్డు అని చెప్పు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడ మంటలొస్తే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు కదల్లేక 28 మంది పోయారు. మంటకు ప్రైవేటూ సర్కారూ తేడా తెలుసా అని అడిగితే, టీకి పో.

నయమైనవాళ్లను మాత్రం వదులుకోకు. ఊడ్చేదీ కంచాలు కడిగేదీ వాళ్లే. పనికి తగ్గ డబ్బివ్వాలని ఆ చట్టమే అంటుంది, మనం బీడీ ఇస్తాం. ఇంటికి ఫోన్ చేస్తానంటే ‘రేపు’ అను. పదిహేడో నంబరాయన పదకొండేళ్లుగా ఆ రేపటి కోసం పొద్దున్నే స్నానం చేసి, బొత్తాలన్నీ పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంటాడు. పద, ముందు ఆయన్నే చూపిస్తా. చీపురు ఎక్కడుందో కూడా ఆయనే చెబుతాడు.