నురగ శాస్త్రం

గీజరు కడ్డీకీ, కొళాయి మూతికీ పట్టిన సున్నానికి మందు దొరికిందట. పెచ్చు మీద రెండు చెంచాల వంటసోడా చల్లి, పైన వెనిగర్ పోసి, బుసబుసా పొంగుతుంటే కెమెరా దగ్గరకు జరిపి సంగీతం పెంచాలి. వెనిగర్ లేనివాళ్లకు నిమ్మకాయ. అనంతపురం బోరు నీళ్లతో ఇన్నేళ్లు కుస్తీ పట్టిన జనానికి ఇంత సులువైన ఉపాయం తట్టలేదంటే, పదో తరగతిలో 'ఆమ్లాలు, క్షారాలు, లవణాలు' పాఠం చదువుకోవడం వల్లే అయ్యుండాలి.

ఆ పెచ్చు పుట్టుక చూడండి. రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు కరిగి ఉంటాయి. వేడి తగలగానే రెండు బైకార్బొనేట్లలో ఒకటి కార్బొనేటుగా మారి, కాల్షియాన్ని పట్టుకుని కడ్డీ మీద గట్టిపడుతుంది; రెండోది కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది. వంటసోడా సాక్షాత్తూ సోడియం బైకార్బొనేట్. బైకార్బొనేట్ తెచ్చిన జబ్బుకు బైకార్బొనేటే వైద్యం! ఇక తుల్య సమీకరణం రాద్దాం. ఒక సోడియం బైకార్బొనేటు, ఒక ఎసిటిక్ ఆమ్లం కలిస్తే ఒక సోడియం ఎసిటేటు, ఒక నీటి అణువు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు. సోడియం అటూ ఇటూ మారకుండా ఉంది కాబట్టి ప్రేక్షక అయాను, కొట్టేయండి. ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది, దాన్ని విడగొట్టకుండా అణువుగానే ఉంచండి. మిగిలిన నికర అయానిక సమీకరణంలో ఆమ్లం తన హైడ్రోజన్ అయానును సోడాలోని బైకార్బొనేటుకు అప్పజెప్పి చేతులు దులుపుకుంది. ఇందులో కాల్షియం ఎక్కడ? కడ్డీ మీది పెచ్చు ఎక్కడ? వేరుశనగ చేలో కలుపు తీయడానికి వచ్చిన కూలీకి గట్టు మీదే కూలి లెక్కగట్టి ఇంటికి పంపినట్టుంది ఈ వ్యవహారం.

"కళ్లముందు పొంగుతోంది కదా, పనిచేయకపోతే ఎందుకు పొంగుతుంది?" అంటారు. శుభ్రంగా తోమిన స్టీలు పళ్లెంలో ఆ రెండూ కలపండి; అక్కడా అంతే పొంగుతుంది. పళ్లెంలో ఏ సున్నం కరిగిందని? ఆ నురగ సోడాది, సున్నానిది కాదు. అసలు సున్నం మీద వెనిగర్ ఒక్కటే పోస్తే ఇంత ఆర్భాటం ఉండదు. ఘనపదార్థం పైపొర మాత్రమే ఆమ్లానికి అందుతుంది. సన్నని బుడగలు నింపాదిగా లేస్తాయి, వీడియోకు పనికిరావు. కరిగిన సోడా మాత్రం క్షణాల్లో ఆమ్లాన్ని మింగేస్తుంది. లెక్క కావాలంటే, 84 గ్రాముల సోడాకు 60 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం బలి. 5 శాతం వెనిగరైతే అది 1,200 గ్రాములు. అదే ఆమ్లం పెచ్చు దాకా చేరితే లెక్క ప్రకారం 50 గ్రాముల కాల్షియం కార్బొనేటును కరిగించేది. "వెనిగర్ ఎక్కువ పోస్తే మిగిలింది పనిచేస్తుంది" అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, చేస్తుంది. మరి సోడా ఎందుకు పోసినట్టు? జిడ్డు రుద్దడానికి సోడా విడిగా మంచిదే, సున్నానికి వెనిగర్ విడిగా మంచిదే. రెండూ కలిపితే చేతికొచ్చేది ఎసిటేటు కలిసిన ఉప్పునీళ్లు. మనకు ఉప్పునీళ్లకు కొదవా?

సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే, అది కూడా నమ్మకంగా పడని ఈ మెట్టలో, వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే వీధుల్లో, ఈ తెల్లటి గుజ్జును కడగడానికి బకెట్ల కొద్దీ నీళ్లు పారబోయమని చెప్పడం తెలివితక్కువతనం కాదు, పొగరు. ఆ నీళ్లు ఎవరి బిందెలోవి? కోపం వీడియోల మీదే కాదు. ఆమ్లం, కార్బొనేటు కలిస్తే వచ్చే వాయువు సున్నపుతేటను పాలలా మారుస్తుందని పిల్లలు బట్టీపట్టి రాస్తారు, అణువుల లెక్క సరిచూసి మార్కులు తెచ్చుకుంటారు. ఏ అయాను మారింది, ఏది ఊరకే చూస్తూ కూర్చుంది అని మాత్రం పరీక్షలో ఎవరూ అడగరు. బోర్డు మీద రాసిన బాణం గుర్తుకూ ఇంట్లో కొళాయికీ సంబంధం ఉందని చెప్పని చదువు ఎవడి నురగకైనా చప్పట్లు కొట్టిస్తుంది.

ఆల్కలైన్ నీళ్లలో నిమ్మరసం పిండుకుని తాగేవాళ్ల జోలికి పోను, ఆ నీళ్ల క్షారత్వం వాళ్ల గ్లాసులోనే గల్లంతవుతోంది. వంటింటి గట్టును నిమ్మచెక్కతో రుద్దమనేవాళ్లను మాత్రం వదలలేం. ఆ గట్టు మీద పరిచింది తాడిపత్రి బండైతే, అది సున్నపురాయి, అంటే చాలామటుకు కాల్షియం కార్బొనేటే. ఆమ్లానికి సోడా అడ్డం రాదు, సమీకరణం అక్షరాలా జరుగుతుంది: కార్బొనేటు వాయువై పోతుంది, కాల్షియం రసంలోకి దిగుతుంది, నున్నటి నల్లబండ మీద నిమ్మచెక్క తిరిగినంత మేరా మెరుపు చచ్చి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ పోగొట్టడానికి కూడా వంటసోడా, వెనిగర్‌తో ఒక వీడియో ఉండే ఉంటుంది.