క్లచ్చు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
క్లచ్చు మెల్లమెల్లగా వదిలిన బండి
కుదుపు లేక యింత కదలు ముందు
వెనుక మోగు హార్ను వినబోక యుండుమా
లాలపేటనైన లండనైన

అవతారిక: ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ దొరకదు. వ్యాఖ్యానం రాయాలన్న కోరికతోనే కట్టిన పద్యం ఇది. కవే వ్యాఖ్యాత అయితే దాన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. అలాంటి చోట కవిహృదయం గురించి తగాదా ఉండదని లోకం అనుకుంటుంది గాని, ఉంటుంది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కొలచారం మల్లినాథసూరి పెట్టుకున్న నియమం ఈ వ్యాఖ్యకు వర్తించదు. పద్యం పుట్టిన సందర్భం మాత్రం చెప్పాలి. హైదరాబాద్ లాలాపేట్‌లో కారు కొన్న మనిషి దాన్ని నేర్చుకోవాలంటే విశాలమైన రోడ్లూ చెట్ల నీడా ఉన్న ఉస్మానియా క్యాంపస్‌కు పోవాలనుకుంటాడు. పోవాలంటే తార్నాక చౌరస్తా దాటాలి. అంటే నేర్చుకునే చోటికి చేరడానికి, నేర్చినవాళ్ళకే చేతనయ్యే చోటు అడ్డం. అందుకే డ్రైవింగ్ స్కూలు సారు అక్కడిదాకా తానే నడిపి, క్యాంపస్‌లోకి వచ్చాక సీటు మారుస్తాడు. పద్యం ఆ సీటు మారిన క్షణంలో మొదలవుతుంది.

టీక: క్లచ్చు = ఎడమకాలి కింది పెడలును; మెల్లమెల్లగా = మెల్లగా అని ఒకసారి చెబితే చాలదు కనక రెండుసార్లు; వదిలిన = పైకి రానిస్తే; బండి = కారు (లాలాపేట్‌లో స్కూటరూ ఆటోవూ ట్రాలీ అన్నీ బండ్లే అయినా క్లచ్చును కాలి కింది పెడలన్నాం కనక ఇక్కడ కారనే గ్రహించాలి); కుదుపు లేక = పక్కసీటులో కూర్చున్నవారు డ్యాష్‌బోర్డు పట్టుకోనక్కరలేకుండా; యింత = ఒక జానెడు; ముందు కదలు = ముందుకు కదులుతుంది; వెనుక = వెనక ఆగిన బండిలో; మోగు = ఆగకుండా మోగే; హార్ను = హారన్‌ను; వినబోక = వినడానికి పూనుకోక; ఉండుమా = ఉండు; లాలపేటనైన = లాలాపేట్‌లోనైనా (గణాల కోసం ఊరిపేరులోంచి ఒక దీర్ఘం కోసేశాడు, ఊరివాళ్ళు క్షమించాలి); లండనైన = లండన్‌లోనైనా. మొదటి పాదంలో ‘క్లచ్చు నిమ్మలంగ ఇడువుండ్రి’ అన్నది తార్నాక సార్ల వాడుక పాఠం. గణాలు కుదరవు గాని అర్థంలో అదే మేలు.

తాత్పర్యం: క్లచ్చు తొందరపడకుండా వదిలితే కారు కుదుపు లేకుండా కదులుతుంది. వెనకవాడు హారన్ కొట్టాడని ఆ తొందర తెచ్చుకోవద్దు. ఎక్కడైనా సంగతి ఇదే.

విశేషం: ఈ పద్యంలో ధైర్యం అనే మాట లేదన్నది మొదట గమనించాలి. కారు నేర్పే ప్రతివారూ ‘భయపడకుండ్రి, ధైర్యంగ నడపుండ్రి’ అంటారు. కవి ఆ జోలికి పోలేదు. కారణం మొదటి పాదంలోనే ఉంది. నిలబడి ఉన్న కారులో ఇంజన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్లు, అటూఇటూగా, తిరుగుతూ ఉంటుంది. చక్రాలు అసలే తిరగవు. ఈ రెంటినీ కలపాల్సిన పని క్లచ్ ప్లేటుది. పెడలు పైకి వస్తూంటే ప్లేటు ఇంజన్ చక్రానికి ఆనుకుంటుంది, మొదట జారుతుంది, జారుతూనే పట్టుకుంటుంది. ఆ జారే కొద్దిసేపట్లో ఇంజన్ వేగానికీ చక్రాల నిశ్చలత్వానికీ రాజీ కుదరాలి. దాన్ని మనవాళ్ళు హాఫ్ క్లచ్ అంటారు. అక్కడ బానెట్ కొంచెం లేస్తుంది, ఇంజన్ గొంతు దిగుతుంది, పాదం కింద చిన్న వణుకు తెలుస్తుంది. కాలు ఆ వణుకును దాటి ఒక్కసారిగా వచ్చేస్తే ఆగి ఉన్న చక్రాలు ఇంజన్‌ను వెనక్కి లాగి బండి ఆఫ్ చేస్తాయి. ఇందులో ధైర్యానికి చోటెక్కడ? ధైర్యవంతుడు క్లచ్చు ఠక్కున వదిలినా బండి ఆగిపోతుంది, పిరికివాడు నిమ్మళంగా వదిలినా కదులుతుంది. కొత్త డ్రైవరుకు ముందు కావలసింది తొందరపడకుండా ఉండే హక్కు. కాలికి పని అబ్బేదాకా ఆ హక్కును కాపాడుకోగలిగితే ధైర్యం తనంతట తాను వెనకాల వస్తుంది. కవి చెప్పదలచింది ఇంతే. ఛందస్సు కూడా అందుకే ఆటవెలది: కొత్త డ్రైవరు కారులాగా ఒక పాదం సాగుతుంది, ఒక పాదం తగ్గుతుంది.

దీనిమీద మెకానిక్కుల పక్షం ఒకటుంది. ‘మెల్లమెల్లగా వదులుతూ కూర్చుంటే క్లచ్ ప్లేటు కాలిపోతుంది, ఆ పద్యం చదివినవాళ్ళే మా షెడ్డుకు ముందు వస్తారు’ అని వాళ్ళ వాదం. తోసిపారేయాల్సిన వాదం కాదు. జారుడు ఉన్నంతసేపూ వేడి పుడుతుంది, వేడి ప్లేటును తింటుంది. కాని వేడి ఎంత పుడుతుందన్నది ఎంతసేపు జారింది, ఎంత వేగపు తేడాతో జారింది అన్న రెంటి మీదా ఆధారపడుతుంది. కొత్తవాళ్ళు ప్లేటు కాల్చేది నిదానం వల్ల కాదు. బండి ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో కుడికాలు యాక్సిలరేటరు మీద పెట్టి ఇంజన్‌ను గోలపెట్టిస్తూ, ఎడమకాలు సగంలో ఆపేస్తారు. చదును రోడ్డు మీద మామూలు పెట్రోలు కారు యాక్సిలరేటరు ముట్టకుండా క్లచ్చుతోనే పాకుతుంది, అప్పుడు పుట్టే వేడి కొంచెమే. కదిలాక కూడా పాదం పెడలు మీదే విశ్రాంతి తీసుకుంటే మాత్రం మెకానిక్కుల మాటే నెగ్గుతుంది. ‘వదిలిన’ అన్నాడు కవి, వదులుతూనే ఉండమనలేదు.

అసలు కిటుకు మూడో పాదంలో ఉంది, వ్యాఖ్యానం ఎక్కువ కావలసిందీ దానికే. మొదటి రెండు పాదాలు క్యాంపస్‌లో వస్తాయి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు నుంచి సాగే రోడ్ల మీద కొత్తవాళ్ళకు పొద్దుటి నడకవాళ్ళూ కుక్కలూ ఎదురవుతారు. వాళ్ళ పుణ్యాన బ్రేకు వస్తుంది. వెనక మాత్రం ఎవరూ ఉండరు. బండి ఆఫ్ అయితే మళ్ళీ తాళం తిప్పుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. పైగా స్కూలు కారులో సారు వైపు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. శిక్షణ కార్లకు ఈ జోడు పెడళ్ళు ఉండాలన్నది నిబంధనే. మంచి నిబంధనే గాని, దాని వల్ల ఒక చిక్కుంది. కారు కుదుపు లేకుండా ఆగినప్పుడు ఆపింది తన కాలా, సారు కాలా అన్నది నేర్చుకునేవారికి ఎప్పటికీ తెలియదు. క్యాంపస్‌లో వచ్చిన ధైర్యంలో కొంత భాగం అరువు. అదే మనిషి సొంత కారులో లాలాపేట్ రైల్వే వంతెన ఎక్కుతూ సగంలో ఆగాడనుకోండి. ముందు విజయ డెయిరీకి పోయే పాల ట్యాంకరు, వెనక ఆటో. క్లచ్చు హాఫ్‌కు తెచ్చాకే హ్యాండ్‌బ్రేకు దించాలి, వెనక్కి జారకూడదు. హారన్ మోగుతుంది. మోగగానే కాలు తొందరపడుతుంది, తొందరపడితే బండి ఆఫ్ అవుతుంది, ఆఫ్ అయితే హారన్ ఇంకా పెద్దగా మోగుతుంది. మూడో పాదం తప్పితే మొదటి పాదం తప్పుతుంది, మొదటిది తప్పితే మూడోది మరింత కష్టమవుతుంది. కొత్త డ్రైవరు భయమని మనం అనేది కారంటే భయం కాదు. క్యాంపస్‌లోనూ ఉన్నది కారే, ఆ భయం లేదు. వంతెన మీద కొత్తగా చేరింది ముఖ్యంగా వెనకవాడి అసహనం. కనక మందు కూడా అక్కడే వేయాలి.

చట్టం కూడా ఈ పాదాన్నే సమర్థిస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం నేర్చుకునేవారి బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. అక్షరం ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మన లాక్షణికులెవరూ ఒక్క అక్షరానికి ఇన్ని కొలతలు పెట్టలేదు. ఇంత శ్రద్ధ ఎందుకంటే ఆ అక్షరాన్ని చదవాల్సింది వెనకవాడు. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, అది వచ్చి 30 రోజులు గడిస్తేగాని పరీక్షకు రానివ్వరు. ఆ పరీక్షలో ఏమేం చూడాలో 15వ నియమం చెబుతుంది: బండి భద్రంగా, కుదుపు లేకుండా కదలాలి. ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా మళ్ళీ కదలాలి. రెండో పాదమే అది, గద్యంలో. ఎన్ని సెకన్లలో కదలాలన్నది అందులో లేదు. ఇక హారన్ సంగతి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు ఆస్పత్రులూ విద్యాసంస్థలూ కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చన్నాయి, అక్కడ పగలు 50 డెసిబెల్స్ దాటరాదన్నాయి. ఒక పక్క విశ్వవిద్యాలయం, ఒక పక్క ఆర్టీసీ ఆస్పత్రి పెట్టుకున్న తార్నాకలో ఈ నియమాన్ని గట్టిగా చదివి వినిపించాలన్నా హారన్ల మధ్య వినపడదు. 2019 సవరణ అనవసరపు హారన్‌కు మొదటిసారి 1000 రూపాయలు, ఆ తరవాత 2000 జరిమానా పెట్టింది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. హారన్ వినొద్దంటే అంబులెన్సు వచ్చినా కదలొద్దనా? అంబులెన్సుకు దారివ్వకపోతే అదే 2019 సవరణ ప్రకారం 10,000 రూపాయల జరిమానా ఉందే? దీనికి జవాబు సులువు. అంబులెన్సుది సైరను, పద్యంలో ఉన్నది హారన్. పైగా ‘వినక’ అనలేదు, ‘వినబోక’ అన్నాడు. చెవిన పడ్డదాన్ని కాలికి చేరనివ్వద్దని భావం. రెండోది బరువైన ఆక్షేపణ: ఒక్కరు నేర్చుకోవడం కోసం వంతెన మీద ఇంతమంది ఆగాలా, ఇది స్వార్థం కాదా? స్వార్థమే అయినా వెనకవాడికి కూడా లాభించే స్వార్థం. నిమ్మళంగా వదిలిన క్లచ్చు ఒకటి రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంటుంది. తొందరలో ఆఫ్ అయిన బండికి క్లచ్చు తొక్కి, తాళం తిప్పి, గేరు చూసుకుని, వణికే కాలితో మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈలోగా సిగ్నల్ ఎర్రబడుతుంది. హారన్ కొట్టినవాడు తన ఆలస్యాన్ని తానే పెంచుకున్నాడు. ఈ లెక్క అతనికి చెప్పే అవకాశం కొత్త డ్రైవరుకు ఉండదు, అందుకే కవి చెప్పాడు.

‘ఇప్పుడంతా ఆటోమేటిక్కే కదా, క్లచ్చే లేకపోతే నీ పద్యం ఏ మ్యూజియంలో పెట్టాలి?’ అనేవారున్నారు. 2014లో మారుతి సెలేరియోతో చవక కార్లలోకి కూడా తనంతట తాను గేరు మార్చుకునే పద్ధతి వచ్చిన మాట నిజం. మొదటి పాదం క్రమంగా శిథిలమవుతుందని వ్యాఖ్యాత ఒప్పుకుంటున్నాడు. కాని క్లచ్చు పోయినంత మాత్రాన మూడో పాదం పోదు. ఆటోమేటిక్ కారులో తొందరపడిన కాలు బండిని ఆఫ్ చేయదు, ముందున్న బండి మీదికి పంపుతుంది. హాఫ్ క్లచ్ దగ్గర తప్పు చేస్తే కారు ఆగిపోవడం ఒక రకంగా రక్ష. ఆ రక్ష పోయినచోట నిదానం అవసరం ఇంకా పెరిగింది.

‘లండనైన’ అన్నది ప్రాస కోసం పడ్డ మాటని కొందరికి అనుమానం. లండన్ యతి కోసం వచ్చిందని కవి దాచలేదు, కాని వచ్చాక పనిచేసింది. బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది 1935లో, ఎర్రటి ఎల్ పలక కూడా ఆ ఏడాదిదే. మన బండ్ల మీది అక్షరానికి అదే పుట్టిల్లు. ఆగి ఉన్న బండిలోంచి, ప్రమాదం ఎదురైతే తప్ప, హారన్ కొట్టకూడదని అక్కడి హైవే కోడ్. జనావాసాల్లో రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడు దాకా నడిచే బండిలోంచి కూడా కొట్టకూడదు. అంటే మూడో పాదంలో సగం భారం అక్కడ వెనకవాడి మీద పెట్టారు. ఇక్కడ జరిమానా ఉన్నా మొత్తం ముందువాడే మోస్తున్నాడు. ధైర్యం వచ్చాక అది ముదిరితే ఏమిటి గతి అన్న శంకకు న్యూజిలాండ్ 1987లో జవాబు వెతికింది. కొత్త లైసెన్సుకు మొదట ఆంక్షలు పెట్టి, మెట్టుమెట్టుగా వదిలే పద్ధతి పెట్టింది. కొత్త డ్రైవర్లకు లైసెన్సు వచ్చిన తొలి నెలలే ఎక్కువ ప్రమాదకరమని చాలా దేశాల అనుభవం. ‘యింత’ అన్న మాటను కవి రెండో పాదంలో దూర్చింది అందుకేనని చెప్పుకోవచ్చు, గణం నింపడానికి కూడా అదే దొరికింది.

ఒక్క లోపం మిగిలింది. నాగోలు డ్రైవింగ్ పరీక్ష ట్రాకు మీద హెచ్ ఆకారంలో నడపాలంటే వెనక్కి పోవాలి, 15వ నియమమూ రివర్సు అడుగుతుంది. పద్యంలో బండి ముందుకు తప్ప కదలదు. వ్యాఖ్యాత దీన్ని కవి ముందు పెడితే, ఆటవెలదికి నాలుగే పాదాలు, రివర్సుకు సీసం కావాలి అన్నాడు.