డిపాజిట్టు పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక: డల్లాస్‌కు ఉత్తరాన, 75వ నంబరు రహదారికి అటూ ఇటూ పరుచుకున్న ప్లేనో నగరం ఈ పద్యానికి జన్మస్థలం. 2020 జనగణన ప్రకారం అక్కడి జనం సుమారు 2 లక్షల 85 వేలు. ఆ ఊరు చేరిన మనవాళ్లలో చాలామందికి తొలి మజిలీ అపార్ట్‌మెంటే. పద్యమూ నాదే, టీకా నాదే. కవి బతికుండగా వ్యాఖ్యాత దొరకడు గనక రెండు కొలువులూ నేనే చేయవలసి వచ్చింది.

ఇల్లు వదలు నాడు ఇల్లెల్ల దుడిచిన
మరక యొకటి చాలు మనకు రాదు
డబ్బు ముందె యిచ్చి డాబుగా నుండిన
అద్దెవాడు గాక యధిపు డగునె

ప్రతిపదార్థం: ఇల్లు వదలు నాడు = తాళాలు లీజింగ్ ఆఫీసులో అప్పగించు రోజున (చాలా లీజుల్లో 60 రోజుల ముందే నోటీసు రాసివ్వాలి; మరచినవారి దుఃఖం వేరే పద్యానికి తగిన వస్తువు); ఇల్లెల్లన్ = అవెన్ లోపల, ఫ్రిజ్ వెనుక, కిటికీ బ్లైండ్ల రెక్కరెక్కనూ; తుడిచినన్ = తుడిచినప్పటికీ; మరక యొకటి = ఒకే ఒక్క మరక; చాలు = సరిపోవును; మనకు రాదు = తిరిగి రాదు; డబ్బు ముందె యిచ్చి = దరఖాస్తు ఫీజు, అడ్మిన్ ఫీజు, డిపాజిట్టు, మొదటి నెల అద్దె చెల్లించి; డాబుగా నుండినన్ = ఈతకొలనూ జిమ్మూ ఉన్న గేటు లోపల కాపురమున్నంత మాత్రాన; అద్దెవాడు గాక = అద్దెవాడే గాని; అధిపుడగునె = యజమాని అగునా? (కాడనుట.)

టీక: ఏది రాదో మూలంలో లేదు. 'డిపాజిట్టు' అనే కర్తను అధ్యాహారం చేసుకోవాలి. పద్యంలో కనబడనిది బ్యాంకు ఖాతాలోనూ కనబడదని కవిహృదయం. 'నాడు ఇల్లెల్ల' అన్నచోట సంధి జరగలేదేమని పండితులు కోప్పడవచ్చు. అద్దెవాడికీ యజమానికీ సంధి కుదరదని సూచన. పైగా కలిపితే గణం చెడుతుంది.

మరక అనగా ఏ మరక? పూర్వవ్యాఖ్యాతలైన రూమ్మేట్లు కాఫీ అన్నారు. అది నిలవదు. కాఫీ మరకకు కడిగే మందులున్నాయి. ఇక్కడ వివక్షితం పసుపే. అక్కడి కార్పెట్టు లేత గోధుమరంగు, వంటగట్టు తెలుపు, మన పోపుడబ్బా మూత ఎప్పుడూ వదులు. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుందని మన అమ్మలందరికీ తెలుసు. కానీ గోడ నుంచి గోడకు మేకులు కొట్టి పరిచిన కార్పెట్టును ఏ దండెం మీద ఆరేస్తాం? కాబట్టి ఆ మరక లీజు ముగిసేదాకా ఉంటుంది, ముగిశాక బిల్లులోకి ఎక్కుతుంది. తాలింపు వేసినప్పుడల్లా మోగే పొగ అలారాన్ని ధ్వనికి ఉదాహరణగా కొందరు చెప్తారు గాని, ఈ పద్యంతో దానికి సంబంధం లేదు.

అలంకారం: కారణం ఉండీ కార్యం పుట్టకపోతే విశేషోక్తి. ఇల్లంతా తుడిచారు, డబ్బు రాలేదు. కారణం లేకుండానే కార్యం పుడితే విభావన. మరకే లేదు, కార్పెట్ ఛార్జీ పడింది.

పూర్వపక్షం: రోజూ నడిస్తే కార్పెట్టు అరగదా? ఆ అరుగుదలకూ మనమే కట్టుకోవాలా?

సిద్ధాంతం: అక్కర్లేదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం శ్రుతి, లీజు స్మృతి. రెండూ విరోధిస్తే శ్రుతిదే పైచేయి. మామూలు వాడకంలో వచ్చిన అరుగుదలకు డిపాజిట్టులోంచి పైసా పట్టుకోకూడదు. పాడైనవాటికి పట్టుకుంటే ఆ లెక్క రాసి, మిగిలింది 30 రోజుల్లో పంపాలి. దురుద్దేశంతో ఆపిన యజమాని 100 డాలర్లు, అక్రమంగా ఆపిన సొమ్ముకు మూడింతలు, లాయరు ఖర్చు ఇచ్చుకోవలసి వస్తుంది.

అలాగైతే 'రాదు' అన్న కవి అసత్యమాడాడా? ఆడలేదు. అది స్వభావోక్తి. కరివేపాకు కట్ట ధర దగ్గర అరగంట వాదించగల మనం డిపాజిట్టు దగ్గరకొచ్చేసరికి ఉదారులమైపోతాం. ప్రాజెక్టు మారుతుంది, సామాను ట్రక్కెక్కుతుంది, కొత్త అడ్రసు ఆఫీసులోని అమ్మాయికి నోటిమాటగా చెప్పి బయల్దేరతాం. చట్టం అడిగేది రాసిచ్చిన అడ్రసు. అది అందేదాకా డబ్బు పంపవలసిన బాధ్యత యజమానికి లేదు. మన హక్కు పోదు గాని, గడియారం కదలదు. ఇందులో యజమాని దుర్మార్గం కన్నా మన మొహమాటం పాలే ఎక్కువని టీకాకారుడి అభిప్రాయం.

తాత్పర్యం: చేరిన రోజే గోడలూ కార్పెట్టూ ఫొటోలు తీసి దాచుకోండి. ఖాళీ చేసేరోజు కొత్త అడ్రసు కాగితం మీద రాసి తేదీ వేసి ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. 30 రోజులు దాటినా పలకకపోతే జస్టిస్ కోర్టుకు వెళ్లండి. అక్కడ 20,000 డాలర్ల దాకా దావాలు వింటారు, లాయరు అక్కర్లేదు.