నా యొడలి వేడి

ఆత్మకథ వ్రాయువారు తమ వంశమును గూర్చి రెండు పుటలైనను నింపుదురు. నాకా శ్రమ లేదు. నా జాతకమంతయు నా వీపున మేకులతో దిగగొట్టిన రేకుముక్క మీదనే యున్నది. అరగుఱ్ఱపు బలము, అనగా 373 వాట్లు; 230 వోల్టులు; నిమిషమునకు 1,440 చుట్లు; నిండుబరువు మోయునపుడు 4 ఆంపియరులు. కోయంబత్తూరున బుట్టి, తునిలో నొక కాఫీహోటలు గ్రైండరునకు కొన్నియేండ్లు ఊడిగము చేసి, ఆ హోటలు మూతపడగా పాతయినుము కొట్టులో ఆఱుమాసములు గోనెబస్తాల క్రింద నణగియుండి, తుదకు వరాహనది చెంత ఏటికొప్పాకలో నొక లక్కబొమ్మల పనివాని యింటి వసారాకు జేరితిని.

అచట నా పని తరిమెన త్రిప్పుట. నేడెల్లరును లేతు మెషీనని యనుచున్నారు. యజమాని తల్లి, ఆ యింటి ముసలమ్మ మాత్రము ఇప్పటికిని తరిమెన యనియే యనును. క్రొత్తకోడలుగా నీ గడప ద్రొక్కిన నాటినుండి, ఇరుసునకు జుట్టిన త్రాటిని ఇటునటు లాగుచు మామగారి యులిక్రింద కఱ్ఱను ద్రిప్పిన చేతులామెవి. ఆమె యుద్యోగమును నేను హరించితిననియే చెప్పవలెను. అయినను నాపై గినుక వహింపక, నా ప్రక్కనే పీట వేసికొని కూర్చుండి, కొడుకు చెక్కి రంగుపట్టించిన బొంగరములను, కుంకుమభరిణెలను, నేనాగీ యాగకమునుపే యందుకొని బుట్టలో బేర్చుచుండును. తిరుగుచున్న అంకుడుకఱ్ఱకు లక్కకడ్డీని అదిమిపట్టినచో ఆ రాపిడి వేడికే లక్క కరగి తేనెవలె బఱచుకొనును. పిదప మొగలియాకుతో నొత్తిపట్టిన అద్దమువలె మెఱయును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును, 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో రాష్ట్రశకట మెక్కు గౌరవమును లభించినవి. త్రిప్పినవాని పేరెవ్వరు నెత్తలేదు, అది వేఱుమాట.

నాలో నొక పుట్టులోపమున్నది. దానిని దాచినచో కథ నడువదు. ఇండ్లకు వచ్చు సింగిల్ ఫేజు విద్యుత్తు నాయందు అయస్కాంతబలమును ఉప్పొంగించుచు నణచుచు నుండునేగాని, నిలిచియున్న నన్ను త్రిప్పజాలదు. ఎవరైన నా యిరుసును జేతితో నొక్క త్రోపు త్రోసినచో, ఏ ప్రక్కకు ద్రోసిన ఆ ప్రక్కకే పరుగెత్తుదును. త్రోయనిచో మూల్గుచు నిలిచిపోదును. అందుచేత నన్ను నిర్మించినవారు అసలుచుట్టకు దోడుగా సన్నతీగతో మఱియొక చుట్టను, దానికొక కండెన్సరును అమర్చి, బయలుదేఱుటకు గావలసిన త్రోపును లోననే కల్పించిరి. ఈ రెండవచుట్ట మంత్రసాని వంటిది. బిడ్డ కేరుమన్నంతనే తాంబూలము పుచ్చుకొని వెడలిపోవలెను. ఆమెను సాగనంపువాడు నా యిరుసుకొననున్న సెంట్రిఫ్యూగల్ స్విచ్చి. వేగము ముప్పాతిక వంతు నిండుసరికి దాని బరువులు విచ్చుకొని, జాఱుడుపట్టీని వెనుకకు లాగి, కాంటాక్టులను విడదీయును; మీట కట్టిన పిమ్మట నా వేగము తఱుగుచు రాగా అవి మరల గలసికొనుచు టిక్కుమనును. గోటితో బొట్టుపెట్టె మూతను దట్టినంత చప్పుడు.

గడచిన వేసవిలో నాకు జబ్బుచేసినది. ఉదయమున చక్కగనే మేల్కాంచి, ఏ మూడవసారియో నాల్గవసారియో మీట నొక్కినపుడు గొంతు మాఱి, బొంగురుగా హుమ్మనుచు, పదినిమిషములలో వీపున సెగలు గ్రక్కుచుండెడివాడను. అరువది డిగ్రీలు దాటిన యినుముపై నరచేయి నిలువదు. యజమాని చేయివేసి చటుక్కున దీసికొనుచుండెను. నా చుట్టలమీది పూత 130 డిగ్రీలవఱకు నోర్చును గాని, అటుపైన పదేసి డిగ్రీలకు నా యాయువు సగముచొప్పున తఱుగును. అయినను గంటసేపు విశ్రాంతి యిచ్చినచో ఏమియు నెఱుగని పెద్దమనిషివలె మరల దిరుగుదును. ఇట్టి జ్వరమును నిర్ణయించుట కష్టము. వైద్యుడు వచ్చునప్పటికి రోగి పకోడీలు తినుచుండును. పోనీ, వాసనచేతనైన గుర్తింతురా యన్న, ఆ యింట ఉదయాస్తమానములు కాగిన లక్కవాసనయే! అందులో నా వార్నిషు మాడిన కంపును వేఱుపఱుపగల ముక్కేది? నేటి కృత్రిమపు పూతలు రాకమున్ను మా పూర్వుల తీగచుట్టలకు లక్కపూతయు వాడెడివారు. చుట్టఱికమును దలచుకొన్న, ఆ ముక్కులను దప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

ఎవరికి వచ్చిన విద్యతో వారు నా రోగమును గనిపెట్టిరి. పొరుగింటి మాష్టారు కరెంటు బిల్లుమీదను, కరెంటుమీదను గూడ నమ్మకము లేనివారు. “వోల్టేజి లేదురా, మోటారు మాత్రం ఏం చేస్తుంది?” అనిరి. మీటరు పెట్టిచూడగా సాయంవేళ 190 వోల్టులే యున్నవి. ఆ మాటలో నిజము లేకపోలేదు. వోల్టులు తగ్గినచో నా బలము అంతకు మిక్కిలిగా సన్నగిల్లి, అదే బరువు నీడ్చుటకు ఆంపియరులు హెచ్చుగా ద్రాగవలసివచ్చును. యజమాని పనిని వేకువకు మార్చుకొనెను. అప్పుడు 225 వోల్టులు వచ్చెను, జ్వరమును వచ్చెను. పిదప నతడు, చేతిపని వాడు గావున, బెల్టును అనుమానించి, కొంత వదులుచేసి, సైకిలు పంపుతో నా రంధ్రములలోని అంకుడుపొట్టును ఊదెను. ఎన్నియో నెలలకు చల్లగాలి లోనికి బోయి నాకు ప్రాణము లేచివచ్చినది. కాని బెల్టు బిగువే కారణమైనచో పుల్లీవైపు బేరింగు ముందుగా కాగవలెను. నాకు నడుము మొత్తము కాగుచుండెను. ఆ తేడాను జూచువారు లేకపోయిరి.

తుదకు యలమంచిలినుండి యొక ఎలక్ట్రీషియను వచ్చెను. కుఱ్ఱవాడు, మాటకారి. నా నెత్తిన ఉబ్బిన కండెన్సరును జూచి, “దొరికాడు బాబాయ్ దొంగ” అని క్రొత్తది బిగించి, సొమ్ము పుచ్చుకొని పోయెను. తొమ్మిదవనాటికి అదియు నుబ్బి నూనె గార్చెను. క్షణములు మాత్రమే పనిచేయుటకు బుట్టినదానిని పదేసి నిమిషములు ఆంపియరులలో నుడికించిన నేమగును? దెబ్బలు తిన్నవానినే దొంగయని కట్టిపెట్టిరి. రెండవసారి వచ్చి యతడు, “వైండింగే పోయింది బాబాయ్, తీగంతా మార్చాల్సిందే” అనెను. యజమాని మాఱుమాటాడక గోనెసంచి తెచ్చెను. పాతయినుము కొట్టు నా కన్నులయెదుట మెదలినది.

బెల్టు దీయుచుండగా ముసలమ్మ పీటమీదనుండియే యిట్లనెను: “ఒరే, ఇది ఆగీటప్పుడు టిక్కుమనీదిరా. ఇప్పుడు ఒకోపాలి అంతాది, ఒకోపాలి అన్నేదు. ఆ సప్పుడిని గదా నాను బొమ్మ మీద సెయ్యేస్తాను.”

కుఱ్ఱవాడు నవ్వును. నవ్వుననియే నేనును అనుకొంటిని. కాని యతడు నవ్వలేదు; గోనెసంచిని క్రిందబెట్టి, బెల్టులేకుండగనే నాకు కరెంటిచ్చి, తీగచుట్టు క్లాంప్ మీటరు బట్టెను. తొలిసారి 3 ఆంపియరులు, ఆపగా టిక్కు. రెండవసారియు నంతే. నాల్గవసారి గొంతు బొంగురుపోయినది, అంకె 9 చూపినది. ఆపినపుడు టిక్కు లేదు. ఈడ్చుటకు బరువే లేనపుడు అన్ని ఆంపియరులు త్రాగుచున్నానన్న, తప్పు నా లోపలనే యున్నదని యతనికి దెలిసినది. “మామ్మా, చెవులు కావవి, మీటర్లు” అనుచు నాలుగు బోల్టులు విప్పి, వెనుకమూతను సుత్తిపిడితో మెల్లగా దట్టి లేవదీసెను.

లోపలి సంగతి చెప్పుటకు నాకు కొంత సిగ్గు. జాఱుడుపట్టీ జాఱవలసిన చోట, గ్రీజును అంకుడుపొడియు గలసి మెత్తని నల్లముద్దయై కూర్చున్నది. చల్లగానున్నపుడు పట్టీ యెట్లో జాఱెడిది. ఒడలు కాగి ముద్ద సాగినకొలది అంటుకొని నిలిచెడిది. అంతట కాంటాక్టులు విడిపోవు, మంత్రసాని వెళ్లదు, సన్నతీగచుట్ట పూర్తిప్రవాహమున మాడుచుండును. కాంటాక్టుల మొగములు మశూచి మచ్చలవలె గుంటలు పడినవి. బేరింగునకు వేలెడు చాలునన్న గ్రీజును సంక్రాంతికి దోసెడు దట్టించిన దెవరో నాకు దెలియును. అన్నము పెట్టువాడు గావున పేరు చెప్పను.

కిరసనాయిలుతో ముద్దను గడిగి, ఎమరీకాగితముతో నిరుసును దుడిచి, స్ప్రింగు బిగువు వ్రేలితో నొత్తిచూచి, క్రొత్త కాంటాక్టుపలక బిగించెను. సన్నతీగచుట్ట బెల్లపుపాకము వన్నెకు దిరిగియుండెను. మెగ్గరు పెట్టి చూచి, “ఇంకా బతికే ఉంది, కొన్నాళ్లు లాగిద్దాం బాబాయ్” అనెను. ఆ కొన్నాళ్లెన్నియో అడుగుటకు నాకు నోరు లేదు.

సాయంకాలము మరల బెల్టు తగిలించిరి. యజమాని యొక భరిణెకు పసుపుపచ్చ లక్క పట్టించి, మొగలియాకు త్రిప్పి, మీట కట్టెను. ఎలక్ట్రీషియను బోల్టును చేతబట్టుకొని అట్లే నిలిచిపోయెను. నేను తిరిగితిని, తిరుగుచు నెమ్మదించితిని.

టిక్కు.

“ఆఁ” అని ముసలమ్మ చేయి చాచి, ఇంకను దిరుగుచున్న భరిణెను రెండువ్రేళ్లతో నందుకొనెను.