నాలుగో నవలను నీరుగార్చడం ఎలా?

చారిత్రక ప్రేమ నవలల సిరీస్‌లో మొదటిది ఎవరైనా కష్టపడి రాస్తారు. రెండోది ఆ ఊపులో గట్టెక్కుతుంది. మన పనితనమంతా నాలుగోదాంట్లో కనిపించాలి. అప్పటికి పాఠకురాలు మూడు కొనేసి ఉంటుంది, కథలోని ఇంట్లో ఇంకా నలుగురికి పెళ్లి కావాలి, ప్రచురణకర్త గడువు దగ్గర పడింది. ఆమెను నిరాశపరచండి గానీ, ఐదోది కొననని ఒట్టు పెట్టుకునేంతగా వద్దు.

కాలం ఎంపికకు బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఇంగ్లండు, రీజెన్సీ: మూడో జార్జికి మతి చెడి, కొడుకు రాజప్రతినిధిగా ఏలిన 1811-1820. జార్జెట్ హేయర్ 1935లో 'రీజెన్సీ బక్' రాసినప్పటి నుంచి ఆ తొమ్మిదేళ్లలో జరగని పెళ్లి లేదు. ఆవిడ ఆనాటి బట్టలు, బళ్లు, తిట్లు అన్నీ నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేది. పాపం, ఓపిక ఉన్న మనిషి. మీరు కొవ్వొత్తులు వెలిగించి, గుర్రబ్బండి పిలిపించండి, చాలు.

హీరో డ్యూకే కావాలి. రాజకుటుంబాన్ని పక్కనపెడితే అసలు డ్యూకులు అప్పట్లో రెండు మూడు డజన్లకు మించరు. అందులోనూ కీళ్లనొప్పుల ముసలాళ్లున్నారు. మీ సిరీస్‌లో మాత్రం ఏడుగురు, అందరూ ముప్పై దాటనివాళ్లు, అందరికీ తండ్రి మీద కోపమే. నౌకరు చేత ఆయన్ని 'మై లార్డ్' అనిపించండి. డ్యూకును అలా పిలవరని తెలిసినవాళ్లు పళ్లు కొరుక్కుంటారు, కొరుక్కోనివ్వండి.

వాతావరణం మీ చేతిలోనే ఉంది. 1815లో ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడాది ఐరోపాకు వేసవే రాలేదు, చలికీ వానకీ పంటలు పోయాయి. మీ నాయిక 1816 జులైలో పలచటి మస్లిన్ గౌనులో స్ట్రాబెర్రీలు కోస్తుంది. తుమ్మదు కూడా.

ఆ గౌను ఊసొచ్చింది కాబట్టి, గుడ్డ ఎక్కడిదో మాత్రం ఎత్తకండి. మన నరసాపురం పక్క మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ నేయించిన నూలుగుడ్డ ఆ ఊరి పేరుతోనే ఇంగ్లండు చేరింది. మగ్గం ముందు కూర్చున్నవాడు గుర్తొచ్చాడంటే ముద్దు సీను పాడవుతుంది. హీరో ఆదాయం సంగతీ అంతే. జమైకాలో 'ఎస్టేట్లు' ఉన్నాయని ఒక్క వాక్యంలో దాటేయండి. బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా, ఆ చెరకు తోటల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833 దాకా రాలేదు. ఈ రెండు తేదీల మధ్యే మీ డ్యూకు మంచివాడుగా ఉండాలి. అందుకే ఆయన చేత మూడో అధ్యాయంలో ఓ అనాథ పిల్లాడికి నాణెం ఇప్పించండి.

కథకు అడ్డంకి కావాలి. నోరు విప్పితే తీరిపోయే అపార్థం ఒకటి తెచ్చి, మూడువందల పేజీలు ఇద్దరి నోళ్లూ కుట్టేయండి. తర్వాత స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కు లేవదీసుకుపోవడం. ఇంగ్లండులో 1754 నుంచి ఇరవై ఒకటి నిండనివాళ్ల పెళ్లికి పెద్దల ఒప్పుకోలు కావాలి కాబట్టే జంటలు సరిహద్దు దాటేవి. మీ నాయికకు ఇరవై నాలుగు. అయినా పారిపోతుంది. లండన్ నుంచి ఐదువందల కిలోమీటర్ల దారి, గుర్రబ్బళ్ల రోజులు. రాత్రి భోజనాల వేళకు చేర్చేయండి.

ఇక సిరీస్ ధర్మం. మధ్యలో పెద్ద విందు పెట్టి, మొదటి మూడు నవలల జంటల్ని పిల్లలతో సహా దింపండి. ఎవరికి కవలలు, ఎవరికి నెలలు నిండాయి, ఎవరి బాబుకు తాతగారి పేరు పెట్టారు... నలభై పేజీలు హాయిగా గడుస్తాయి. ఈలోగా అసలు జంట ఆ గుంపులో ఎక్కడుందో పాఠకురాలు వెతుక్కుంటుంది. కిటికీ దగ్గర వాటర్లూ గాయంతో ఓ కెప్టెన్‌ను మౌనంగా నిలబెట్టండి. ఐదోది ఆయనదే కాబట్టి, ఈ నవల మొత్తంలో కాస్త ఆసక్తి పుట్టించే మనిషి ఆయనొక్కడే అయినా కంగారుపడకండి.

అచ్చయ్యాక ఉత్తరాలొస్తాయి. చరిత్ర తప్పన్నవాళ్లకు 'ఇది కల్పనండీ' అని రాయండి. నాయిక ఇంత నోరులేనిదేమిటి అన్నవాళ్లకు 'అప్పట్లో అంతేనండీ' అని రాయండి. రెండు ఉత్తరాలూ ఒక్కరే రాస్తే మాత్రం జవాబివ్వకండి.