పొట్లంలో పండుగప్ప

వేసవి సాయంత్రం గాలి లేచిందంటే నూజివీడులో తోటల వాళ్ల గుండె గుభేలుమంటుంది. తోటలు లేని మాలాంటి వాళ్ల ఇళ్లలో మాత్రం సంచులు నిండుతాయి. రాలిన కాయకి కొనేవాళ్లు తక్కువ, పంచేవాళ్లు ఎక్కువ. చిన్నరసం, కలెక్టర్, కొత్తపల్లి కొబ్బరి, అన్నీ ఒకే సంచిలో వచ్చి గుమ్మంలో కూర్చుంటాయి. సోమవారం పప్పు, మంగళవారం పచ్చడి, బుధవారం పులిహోర. గురువారానికి ఇంటిల్లిపాదికీ పళ్లు పులుస్తాయి. ఇక మిగిలింది చేపే.

కొల్లేటి చేపకీ మా మామిడికాయకీ చుట్టరికం పాతదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కూడా నూజివీడు, కొల్లేటి పక్క కైకలూరు చేయి వదలకుండా కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వెళ్లాయి. గీతలు గీసిన అధికారుల్లో ఎవరో ఒకరు పులుసు ప్రియులై ఉంటారని నా అనుమానం.

అయితే పులుసు ఆఫీసు నుంచొచ్చి ఆదరాబాదరాగా పెట్టేది కాదు. పెట్టినా, "రేప్పొద్దున తింటే బావుంటుంది" అంటారు. మరి ఈ రాత్రికి? అందుకే పొట్లం.

అంగుళం మందాన కోయించిన పండుగప్ప ముక్కకి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, నూనె పట్టించాలి. పైన సన్నగా తరిగిన మామిడికాయ, చీలిన పచ్చిమిరపకాయ, కరివేపాకు. ముందు అరిటాకులో చుట్టి, ఆ పైన సిల్వర్ కాగితం చుట్టాలి. అరిటాకు అందానికి కాదు. పులుపూ ఉప్పూ కలిసి అల్యూమినియాన్ని తింటాయి; కాగితానికి సన్న చిల్లులు పడతాయి, ముక్కకి ఇనప వాసనలాంటిదేదో అంటుకుంటుంది. చిన్నరసం కాయ పులుపు ముందు ఆ పల్చటి రేకు ఏపాటిది! అంచులు గట్టిగా మడిచి, దళసరి పెనం మీద పెట్టి, మూతేసి, సన్న సెగన పావుగంట పైచిలుకు ఉంచితే చాలు. చేప తన నీటి ఆవిరిలోనే ఉడుకుతుంది. ఇదేమీ దొరల కనిపెట్టుడు కాదు. కేరళ వాళ్లు కరిమీనును అరిటాకులో చుడతారు, మన కోనసీమ వాళ్లు పనసాకుల బుట్టలో పొట్టిక్కలు వండుతారు.

ఇంత చెప్పానే గానీ, పొట్లంతో అసలు లాభం రుచి కాదు, శాంతి. మా ఇంట్లో పొయ్యి మీద గిన్నె మూత ఉమ్మడి ఆస్తి. అత్తయ్య తీసి "ఉప్పు చాల్లేదమ్మాయ్" అంటారు. మామయ్యగారు తీసి "పులుపు పడాలి" అంటారు. మా ఆయన తీసి ఏమీ అనరు, గరిటె ముంచుతారు. పొట్లానికి ఆ సదుపాయం లేదు. నేను పొట్లం పెట్టిన రాత్రి ముగ్గురూ వంతులవారీగా వంటింట్లోకొచ్చి, పెనం వంక చూసి, చేతులు కట్టుకుని వెళ్లిపోయారు. ముక్కల పంచాయితీ కూడా లేదు. నడిముక్క ఎవరికి పడింది, తోక ఎవరికి పడింది అనే లెక్క విప్పేదాకా తేలదు.

విప్పాక అత్తయ్య ఒక్క మాటన్నారు. "బానే ఉంది. అన్నంలోకి ఏదీ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పొట్లంలో ఊరే రసం రెండు ముద్దలకి సరిపోతుంది. మామయ్యగారికైతే ఒక్క ముద్దకే. పక్కన పప్పుచారు పెట్టుకోక తప్పదు. కాబట్టి నా తీర్పు ఇది: పనిరోజుల్లో పొట్లం, ఆదివారం పులుసు.

మీరూ చేసుకోండి. చేపలవాడిని మాత్రం పండుగప్పో కొరమేనో అడగండి. చవగ్గా వచ్చిందని శీలావతిని చుట్టి, దీపం వెలుగులో ముళ్లు ఏరుకుంటూ కూర్చుంటే నాకు పూచీ లేదు.